ప్రెస్ ఫోటోగ్రాఫర్ వ్యాసానికి మూలాలు: ఫోటో కింద పేరుంటే సరిపోదా?

నీలిసిరా
అందరికీ నమస్కారం. తెలుగు వికీపీడియాలో ఒక ప్రెస్ ఫోటోగ్రాఫర్ మీద వ్యాసం మొదలుపెట్టాను. దినపత్రికలో చేరి అక్కడే రిటైరైన మనిషి. ఆయన ఇప్పుడూ మన మధ్యే ఉన్నారు, అందుకని ఇక్కడ పేరు రాయడం లేదు. వ్యాసం పెట్టిన కాసేపటికే దాని నెత్తిన రెండు మూసలు, అంటే హెచ్చరిక పట్టీలు, పడ్డాయి. మూలాలు సరిపోవని ఒకటి, విషయ ప్రాముఖ్యత కనిపించడం లేదని ఇంకొకటి. మొదటిది సరే. రెండోదే మింగుడుపడటం లేదు. ఆయన తీసిన ఫోటోలు ఏళ్ల తరబడి మొదటి పేజీల్లో వచ్చాయి. ప్రతి ఫోటో కిందా పేరుంది. ఇంతకంటే ఆధారం ఏం చూపించాలి?

నా దగ్గరున్నవి చెబుతాను. రిటైరైనప్పుడు వేసిన సన్మాన సంచిక, ఆయన సొంత వెబ్‌సైటు, ఆయనే అచ్చు వేయించుకున్న ఫోటోల పుస్తకం, ఆయన పనిచేసిన పత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చిన ఇంటర్వ్యూ, ఒక ఎగ్జిబిషన్ బ్రోచరు, తోటి విలేకరి ఒకాయన రాసిన పెద్ద ఫేస్‌బుక్ పోస్టు. ఇవి కాక క్లిప్పింగుల కట్ట. వీటిలో ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు?

మూలమెక్కడ
నీలిసిరా గారూ, రెండో మూస పెట్టింది నేనే. కాబట్టి జవాబు చెప్పాల్సింది కూడా నేనే.

ఫోటో కింద పేరు ఉందంటే, ఆ ఫోటో ఫలానా వారు తీశారని పత్రిక చెప్పినట్టు. అక్కడితో ఆ ఆధారం పని అయిపోయింది. బైలైన్‌తో, అంటే రాసినవారి పేరుతో, వెయ్యి వార్తలు వచ్చిన విలేకరి సంగతి చూడండి. ఆ వెయ్యి వార్తల్లో ఆ విలేకరి జీవితం గురించి ఒక్క ముక్క దొరకదు. మీ ఫోటోగ్రాఫర్‌తో సంబంధం లేని, నమ్మదగ్గ ప్రచురణలు ఆయన గురించి కాస్త విస్తారంగా రాశాయా లేదా అన్నదే ప్రాముఖ్యత ప్రశ్న. కళాకారులకు ఇంకొన్ని దారులున్నాయి. పేరున్న మ్యూజియాల శాశ్వత సేకరణల్లో వాళ్ల పనులు ఉన్నా, ఒక ముఖ్యమైన ప్రదర్శనలో వాళ్ల పని చెప్పుకోదగ్గ భాగమైనా, ఆ పని మీదే సమీక్షలు వచ్చినా లెక్కలోకి వస్తుంది.

ఇక మీ జాబితా. సన్మాన సంచికలో చెడ్డమాట రాసినవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. దాన్ని ప్రాముఖ్యతకు చూపించలేం. అందులో సంతకంతో ఉన్న మంచి వ్యాసం ఏదైనా ఉంటే ఒకటి రెండు మామూలు వివరాలకు వాడుకోవచ్చు. సొంత వెబ్‌సైటు, సొంత పుస్తకం ఆయన గురించి ఆయన చెప్పుకున్న మాటలు. ఫలానా సంవత్సరం ఉద్యోగంలో చేరారు లాంటి, ఎవరికీ అభ్యంతరం లేని విషయాలకు సరే. 'మొట్టమొదటి', 'ఏకైక' లాంటి మాటలు వచ్చిన చోట పక్కన పెట్టండి. సొంత పత్రికలో ఇంటర్వ్యూ రెండు రకాలుగా బలహీనం. రాసింది ఆయన యాజమాన్యం, చెప్పింది ఆయన. ఫేస్‌బుక్ పోస్టు పూర్తిగా వదిలేయండి. జీవించి ఉన్న మనిషి గురించి మరొకరు తమ సొంత పేజీలో రాసుకున్నది ఎంత బాగున్నా మూలంగా తీసుకోరు. బ్రోచరు మరీ చిత్రం. ప్రదర్శన జరగబోతోందని అది చెబుతుంది, జరిగిందని చెప్పదు. తర్వాతి రోజు పత్రికల్లో వార్త వచ్చిందేమో వెతకండి.

అచ్చుతప్పు
అంటే నలభై ఏళ్లు ఊరి కష్టసుఖాలన్నీ మనకు చూపించినాయన గురించి రాయాలంటే, ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి ఆయన లేడు అంటారు. బాగుంది.

మూలమెక్కడ
లేడనలేదు అచ్చుతప్పు గారూ. విజ్ఞాన సర్వస్వంలో వ్యాసం ఇంకా నిలబడదన్నాను.

పాతపేపర్లు
ఆ గొడవ తర్వాత పడండి. ముందు క్లిప్పింగుల కట్ట గురించి నీలిసిరా గారికి రెండు మాటలు.

ఆ కట్టలో ఫోటోలు మాత్రమే కత్తిరించి పెట్టుకున్నారా, వార్తలు కూడా ఉన్నాయా? చాలామంది ఫోటోగ్రాఫర్లు తమ ఫోటో వరకే కత్తిరించి దాచుకుంటారు. తేదీ ఉండదు, పత్రిక పేరు ఉండదు, పేజీ ఉండదు. అలాంటి ముక్కని ఉటంకించలేం. వెనక్కి తిప్పి చూడండి. వెనకవైపు ఉన్న సినిమా ప్రకటనో, క్రికెట్ స్కోరో, టెండరు నోటీసో తేదీని పట్టిస్తుంది. ఆ వారం సంచికలు లైబ్రరీలో తీయిస్తే పేజీ దొరుకుతుంది. ఇది కాస్త డిటెక్టివ్ పని, కానీ పనిచేస్తుంది.

ఇంకో విషయం. మూలం అంటే లింకే ఉండాలని కొత్తవాళ్లు అనుకుంటారు. అవసరం లేదు. అచ్చు పత్రిక కూడా మూలమే, ఇంకొకరు వెళ్లి చూసుకోగలిగేలా వివరాలు ఇస్తే చాలు. పత్రిక పేరు, శీర్షిక, రాసినవారి పేరు ఉంటే అది, తేదీ, ఎడిషన్, పేజీ. ఎడిషన్ ఎందుకంటే తెలుగు దినపత్రికల్లో మెయిన్ పేపరు ఒకటి, జిల్లా పేజీలు ఇంకొకటి. ఒకే తేదీన ఒక జిల్లాలో మూడో పేజీలో ఉన్నది పక్క జిల్లాలో అసలు ఉండకపోవచ్చు. ఎడిషన్ రాయకపోతే వెతికేవాడు తప్పుడు సంచిక తెరిచి 'ఇక్కడేం లేదు' అని మీ వాక్యం కొట్టేస్తాడు.

ఈ-పేపర్ లింకులు మాత్రం నమ్మకండి. కొన్నాళ్లకి ఆ పేజీ తెరుచుకోదు, లేదా చందా అడుగుతుంది. లింకు ఇస్తే ఆ రోజే వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషిన్‌లో భద్రపరిచి ఆ లింకు కూడా పక్కన పెట్టండి. లింకు చచ్చిపోయినా పత్రిక, తేదీ, పేజీ ఉంటే మూలం బతికే ఉంటుంది.

చీకటిగది
నేను ఫోటో డెస్కులో చాలాకాలం ఉన్నాను. ఫోటో కింద పేరు గురించి ఇంత ధీమాగా మాట్లాడుతుంటే నాకు నవ్వొస్తోంది.

క్రెడిట్ లైన్ పడాలా వద్దా అన్నది డెస్కు చేతిలో ఉండేది. చాలా పత్రికలు చాలాకాలం పేర్లే వేయలేదు. 'మా ఫోటోగ్రాఫర్' అనో, ఏజెన్సీ పేరో వేసి ఊరుకునేవి. జాగా చాలకపోతే ముందు ఎగిరిపోయేది పేరే. కాబట్టి పేరు లేని ఫోటో ఆయనది కాదని చెప్పలేం. అలాగే పేరున్న ప్రతి ఫోటో ఆ పేరున్న మనిషే తీశాడనీ చెప్పలేం.

ఇది మన దగ్గర మాత్రమే జరిగిన సంగతి కాదు. హోమాయ్ వ్యారావాలా భారతదేశపు మొదటి మహిళా ఫోటో జర్నలిస్టుగా పేరు పొందారు, 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు. తొలి రోజుల్లో ఆవిడ ఫోటోలు భర్త మాణెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. అప్పటి పత్రికలో ఫోటో కింద పేరే ఆధారమని పట్టుకుంటే ఆవిడ పని ఆయన ఖాతాలో పడుతుంది. యుద్ధ ఫోటోలకు పేరుపడ్డ 'రాబర్ట్ కాపా' అయితే అసలు మనిషి పేరే కాదు. ఎండ్రె ఫ్రీడ్‌మన్, గెర్డా టారో కలిసి 1936లో పారిస్‌లో పుట్టించిన పేరు. మొదట్లో ఆ పేరు మీద ఇద్దరి ఫోటోలూ అమ్ముడయ్యాయి. టారో 1937లో స్పెయిన్ అంతర్యుద్ధంలో చనిపోయింది. ఏది ఎవరిదన్న చిక్కు చాలాకాలం అలాగే ఉండిపోయింది. స్పెయిన్ యుద్ధం నాటి దాదాపు 4,500 నెగటివ్‌లు ఉన్న పెట్టెలు 2007లో న్యూయార్క్‌లోని ఇంటర్నేషనల్ సెంటర్ ఆఫ్ ఫోటోగ్రఫీకి చేరాయి. కాపా, టారో, డేవిడ్ సీమోర్ ముగ్గురివీ అందులో ఉన్నాయి. వాటితో పోల్చి చూసే వీలు వచ్చాక చాలా ఫోటోల సంగతి తేలింది.

అందుకే నెగటివ్‌లూ, ఒక రోల్‌లోని ఫ్రేములన్నీ చిన్నగా అచ్చువేసిన కాంటాక్ట్ షీట్‌లూ ఎక్కడున్నాయో కనుక్కోండి అంటాను.

మూలమెక్కడ
చీకటిగది గారూ, కనుక్కుని ఏం చేస్తారు? నెగటివ్ చూసి 'ఇది ఆయనదే' అని నీలిసిరా గారు తేల్చేస్తే అది మౌలిక పరిశోధన, అంటే ఇంకెక్కడా అచ్చుకాని సొంత నిర్ధారణ, అవుతుంది. వికీలో కుదరదు. కాపా విషయంలో కూడా తేల్చింది క్యూరేటర్లు, చరిత్రకారులు. వాళ్లు పుస్తకాల్లో రాశాకే వ్యాసంలోకి వచ్చింది.

చీకటిగది
నేననేదీ అదే కదా. ఆ నెగటివ్‌లు ఏదైనా ఆర్కైవ్‌కి చేరితే, వాళ్లు కేటలాగు వేస్తే, అప్పుడు మీకు పనికొచ్చే మూలం పుడుతుంది. ఇంట్లో అల్మరాలో బూజు పట్టిపోతే ఎవరికీ ఏదీ పుట్టదు.

నీలిసిరా
చీకటిగది గారు చెప్పినదానితో అసలు తలనొప్పి గుర్తొచ్చింది. ఆయనకు బాగా పేరు తెచ్చిన ఫోటో ఒకటుంది. అదే ఘటన దగ్గర ఇంకో ఫోటోగ్రాఫర్ కూడా ఉన్నారట. ఆ ఫోటో తనదేనని ఆ రెండో ఆయన ఒక సభలో అన్నారని ఒక పత్రిక రాసింది. దీన్ని వ్యాసంలో ఎలా రాయాలి? రాయకుండా వదిలేయాలా? పైగా సన్మాన సంచికలో 'అంతర్జాతీయ పురస్కారానికి నామినేట్ అయిన ఫోటో' అని ఉంది.

మూలమెక్కడ
ముందు పురస్కారం. 'నామినేట్' అన్న మాట కనిపించగానే చెవులు రిక్కించండి. అమెరికాలో జర్నలిజానికి ఇచ్చే పులిట్జర్‌నే తీసుకోండి. అర్హత ఉన్నవాళ్లు ఫీజు కట్టి ఎంట్రీ పంపుకోవచ్చు. పంపినంత మాత్రాన నామినేట్ అయినట్టు కాదు. విజేతలతో పాటు ప్రకటించే ఫైనలిస్టులకే ఆ మాట వర్తిస్తుందని వాళ్లే చెబుతారు. చాలామంది ఎంట్రీ పంపడాన్నే నామినేషన్ అని బయోడేటాలో రాసేసుకుంటారు.

ఏ పురస్కారమైనా ఇచ్చినవాళ్ల జాబితాలో చూడండి, పుచ్చుకున్నవాళ్ల బ్రోచరులో కాదు. పులిట్జర్, వార్తా ఫోటోలకు ఏటా ఇచ్చే వరల్డ్ ప్రెస్ ఫోటో రెండింటి పాత విజేతల జాబితాలూ వాళ్ల సైట్లలో ఉన్నాయి. ఎవరికి ఇచ్చారో ఆ మాటల్లోనే రాయండి. డానిష్ సిద్దిఖీ 2018లో పులిట్జర్ గెలిచారని అందరూ రాస్తారు. ఆ ఏడాది ఫీచర్ ఫోటోగ్రఫీ బహుమతి రోహింగ్యాల ఫోటోలకు రాయిటర్స్ ఫోటోగ్రఫీ సిబ్బందికి వచ్చింది, ఆయన ఆ బృందంలో ఒకరు. 2022లో మళ్లీ వచ్చినప్పుడు అద్నాన్ అబిదీ, సనా ఇర్షాద్ మట్టూ, అమిత్ దవే పేర్లతో పాటు ఆయన పేరూ ఉంది. అప్పటికి ఆయన లేరు, 2021 జులైలో అఫ్గానిస్థాన్‌లో చనిపోయారు. 'రెండుసార్లు పులిట్జర్ విజేత' అన్నా అబద్ధం కాదు, కానీ బృందం అన్న మాట వదిలేస్తే చదివేవాళ్లకు వేరే అర్థం తోస్తుంది.

పాతపేపర్లు
ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఒకే చోట ఉండటం చాలా మామూలు విషయం. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత మట్టిలో పూడుస్తున్న పసిబిడ్డ ముఖం ఫోటో అందరికీ తెలుసు. ఆ దృశ్యాన్ని రఘు రాయ్ తీశారు, పాబ్లో బార్తలోమ్యూ కూడా తీశారు. రఘు రాయ్‌ది నలుపు-తెలుపు. 1984 ఏటి వరల్డ్ ప్రెస్ ఫోటోగా నిలిచింది బార్తలోమ్యూ రంగుల ఫోటో. ఒకరి బహుమతి ఇంకొకరి పేరు పక్కన పెట్టేసిన రాతలు నెట్‌లో కావలసినన్ని. ఎవరూ అబద్ధం చెప్పకపోయినా గందరగోళం పుడుతుంది. కాబట్టి మీ కేసులో ముందు చూడాల్సింది, ఇద్దరూ ఒకే ఫోటో గురించి మాట్లాడుతున్నారా, రెండు వేరువేరు ఫోటోలా అని. రెండు పత్రికల సంచికలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోవచ్చు. అది వ్యాసంలో రాయడానికి కాదు, ఏ మూలాన్ని ఎంత నమ్మాలో మీకు తెలియడానికి.

చీకటిగది
నిజంగా ఒకే ఫోటో మీద తగాదా అయితే, తీర్పు చెప్పకండి. ఎవరు ఏమన్నారో వరసగా పెట్టండి. 1972 వియత్నాం ఫోటో, నాపామ్ దాడిలో కాలిన బట్టల్లేని పాప పరుగెత్తుతున్నది, ఇప్పుడు అలాగే నడుస్తోంది. యాభై ఏళ్లకు పైగా నిక్ ఊట్ పేరు మీద ఉంది, 1973లో పులిట్జర్ కూడా ఆయనకే. అది వేరే ఫ్రీలాన్సర్ తీసిందని 2025 జనవరిలో ఒక డాక్యుమెంటరీ వాదించింది. అప్పట్లో ఆ ఫోటోను విడుదల చేసిన అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ సొంతంగా విచారణ చేసి, పేరు మార్చడానికి సరిపడా ఆధారం లేదని మేలో చెప్పింది. అదే నెలలో వరల్డ్ ప్రెస్ ఫోటో మాత్రం ఆ ఫోటోకు పేరు ఆపాదించడం ఆపేసింది. దాదాపు అవే రుజువులు చూసిన రెండు పెద్ద సంస్థలు రెండు చోట్ల ఆగాయి. అక్కడ వికీ వ్యాసం చేయగలిగిందల్లా ఈ మూడు వాక్యాలూ, ఒక్కోదానికి ఒక్కో మూలం.

మూలమెక్కడ
ఒప్పుకుంటా, ఒక షరతుతో. నిక్ ఊట్ విషయంలో రెండు వైపులా సంస్థలూ నివేదికలూ ఉన్నాయి. నీలిసిరా గారి దగ్గరున్నది ఒకాయన సభలో అన్న మాట, ఒక్క పత్రికలో ఒక్క వార్త. జీవించి ఉన్న మనిషి మీద 'ఇంకొకరి ఫోటో తనదని చెప్పుకున్నాడు' అనే అర్థం వచ్చే వాక్యానికి ఒక్క వార్త చాలదు. నేనైతే ఇప్పుడు రాయను. చర్చ పేజీలో కూడా అచ్చంగా ఆ వార్త పెట్టను.

అచ్చుతప్పు
చూశారా, ఆయనకు మంచి చేసే మాటకు మూలం చాలదు, చెడు చేసే మాటకూ చాలదు. ఇక మిగిలేదేంటి?

మూలమెక్కడ
మూలం ఉన్న మాటలు మిగులుతాయండీ. తక్కువే కావచ్చు.

తెల్లకాగితం
నీలిసిరా గారి డ్రాఫ్టు చదివాను. మూలాల సంగతి మీరంతా చూసుకుంటున్నారు, నేను భాష గురించి మాట్లాడతాను. మొదటి పేరాలో 'కెమెరాతో కవిత్వం రాసిన', 'నిగర్వి', 'మృదుస్వభావి', 'ఎందరో ప్రముఖుల మన్ననలు అందుకున్న' అన్నీ ఉన్నాయి. శాలువా ఒక్కటే తక్కువ. ఇవన్నీ సన్మాన సంచిక నుంచి వచ్చిన మాటలని చూడగానే తెలుస్తోంది. మూలం ఇచ్చినా ఇవి నిలబడవు. 'ఎందరో' అంటే ఎవరు? ఒక్క విమర్శకుడు ఒక్క ఫోటో గురించి రాసిన ఒక్క వాక్యం దొరికితే, ఆ మనిషి పేరుతో సహా అది పెట్టండి. ఈ పేరా మొత్తం తీసేసినా నష్టం ఉండదు.

ఇంకో ఇబ్బంది. ప్రతి పేరా చివర నాలుగు మూలాలు గుత్తిగా పెట్టారు. ఏ వాక్యానికి ఏది అని పాఠకుడికి ఎలా తెలియాలి? నేను ఒకదాన్ని తెరిచి చూశాను. పేరాలో ఐదు విషయాలుంటే ఆ వార్తలో ఒక్కటే ఉంది. వాక్యం పక్కన వాక్యానికి సరిపడే మూలం ఉండాలి. ఒకే వార్తను మూడు చోట్ల వాడితే రెఫ్ ట్యాగుకు (మూలాన్ని చుట్టే కోడ్‌కు) ఒక పేరు పెట్టి మళ్లీ పిలవండి, అడుగున మూడుసార్లు కనిపించదు.

నీలిసిరా
'కెమెరాతో కవిత్వం' నాకు నచ్చింది కానీ సరే, తీసేస్తాను. ఇంటర్వ్యూ గురించి ఇంకా అడగాలి. అందులో ఆయన తన అనుభవాలు చాలా చెప్పారు. అల్లర్లలో కెమెరా పగలడం, ఫిల్ము రోల్ సాక్సులో దాచి తేవడం. ఆయన నోటితో చెప్పినవే కదా, వాటిని కూడా వాడకూడదా?

చీకటిగది
వాడండి, కానీ ఆయన చెప్పినట్టుగా వాడండి. 'ఫిల్ము సాక్సులో దాచి తెచ్చినట్టు ఒక ఇంటర్వ్యూలో చెప్పారు' అనండి. మా వాళ్లు అబద్ధాలు చెబుతారని కాదు, కథలు మాత్రం బాగా చెబుతారు. ప్రతి చెప్పడంలోనూ కాస్త బరువు పెరుగుతుంది. 1944లో మిత్రసేనలు దిగినప్పుడు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో కాపా తీసిన ఫిల్ములు డార్క్‌రూమ్‌లో వేడి ఎక్కువై కరిగిపోయాయనీ, కొన్ని ఫ్రేములే మిగిలాయనీ దశాబ్దాలపాటు అందరూ రాశారు. పుస్తకాల్లో, మ్యూజియాల్లో అదే కథ. 2014 నుంచి దాన్ని గట్టిగా ప్రశ్నిస్తూ పరిశోధన వచ్చింది. ఆ రోజే ఎవరైనా 'ఫలానా వారి కథనం ప్రకారం' అని రాసి ఉంటే ఆ వాక్యం ఇప్పటికీ సరైనదే అయ్యేది.

పాతపేపర్లు
క్యాప్షన్లకూ ఇదే వర్తిస్తుంది. ఫోటోలో ఏముందో ఫోటో చెబుతుందని అనుకుంటాం, చెప్పేది క్యాప్షను. దాన్ని చాలాసార్లు రాసేది ఫోటోగ్రాఫర్ కాదు, ఆఫీసులో కూర్చున్న సబ్ ఎడిటర్. ఆకలితో కుంగిపోయిన బిడ్డ వెనక రాబందు ఉన్న కెవిన్ కార్టర్ సూడాన్ ఫోటో 1993లో అచ్చయినప్పుడు ఆ బిడ్డ పాప అన్నారు. మరుసటి ఏడు పులిట్జర్ వచ్చినప్పుడూ అదే మాట. అది బాబు అని 2011లో ఒక స్పెయిన్ పత్రిక ఆ ఊరికి వెళ్లి రాసింది. జపాన్ దీవి ఇవో జిమా మీద జెండా ఎత్తుతున్న సైనికుల ఫోటో 1945 నాటిది. అందులో ఎవరెవరున్నారో అమెరికా మెరైన్ దళం 2016లో ఒకసారి, 2019లో ఇంకోసారి సరిదిద్దింది. కాబట్టి 'ఫోటోలో ఉన్నది ఫలానా నాయకుడు' అని రాయాలన్నా పాత క్యాప్షను మీదే ఆధారపడకండి. తర్వాత ఎవరైనా దిద్దారేమో ఒకసారి వెతకండి.

అచ్చుతప్పు
మాస్టారూ, మీరిద్దరూ చెప్పేవన్నీ ప్రపంచమంతా రాసిన ఫోటోల గురించి. వాళ్లకి తప్పులు దిద్దడానికి కూడా పరిశోధకులున్నారు. మన తెలుగు పత్రికల ఫోటోగ్రాఫర్ల మీద సరైన పుస్తకం ఒకటి చూపించండి. పత్రికల చరిత్ర అంటే సంపాదకుల చరిత్రే. వాళ్ల జయంతులు చేస్తాం, ఫోటోగ్రాఫర్ పోతే లోపలి పేజీలో సింగిల్ కాలమ్. ఎవరూ రాయలేదు కాబట్టి ప్రాముఖ్యత లేదు, ప్రాముఖ్యత లేదు కాబట్టి ఎవరూ రాయరు. ఈ చక్రం ఎక్కడ ఆపాలి?

మూలమెక్కడ
ఇది న్యాయమైన ప్రశ్న. నా దగ్గర పూర్తి జవాబు లేదు. వికీమీడియా వాళ్లు కూడా దీని మీద తలపట్టుకున్నారు. అచ్చులో లేని జ్ఞానాన్ని రికార్డు చేసిన మాటల ద్వారా ఉటంకించవచ్చా అని 2011లో భారత్‌లో, దక్షిణాఫ్రికాలో ఒక ప్రయోగం చేశారు. పల్లెల్లో ఆటలూ తయారీ పద్ధతులూ లాంటివాటి మీద మనుషులతో మాట్లాడి ఆ ఆడియోను మూలంగా పెట్టారు. మంచి చర్చ నడిచింది కానీ మామూలు పద్ధతిగా స్థిరపడలేదు. జీవించి ఉన్న ఒక మనిషి గొప్పతనానికి ఆ దారి పనికిరాదు కూడా.

నాకు తెలిసిన ఒకే దారి, వికీ బయట ముందు రాయడం. మీకు అంత పట్టు ఉంది కదా, ఆయన మీద, ఆ తరం ఫోటోగ్రాఫర్ల మీద ఒక పత్రికకు మంచి వ్యాసం రాయండి. జర్నలిజం విద్యార్థులెవరైనా ఉంటే వాళ్ల చేత పరిశోధన చేయించండి. సంపాదకుడు చదివి, ప్రశ్నించి, అచ్చేసినది మూలం అవుతుంది. మీరు రాసినదాన్ని మీరే తెచ్చి వ్యాసంలో పెట్టకండి, చర్చ పేజీలో సూచించండి. ఇంకొకరు పెడతారు.

అచ్చుతప్పు
రాస్తాను. అచ్చేసేవాళ్లు ఉంటే.

పాతపేపర్లు
రాసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వికీ డ్రాఫ్టు నుంచి ఏదీ తీసుకోకండి. 2009లో గుట్టెన్‌బర్గ్ అనే ఆయన జర్మనీ ఆర్థిక మంత్రి అయ్యారు. ఆయనకు అసలే బారెడు పేరు. ఎవరో అనామకుడు వికీపీడియాలో దానికి 'విల్హెల్మ్' అని ఇంకో ముక్క తగిలించాడు. పత్రికలు అది చూసి రాశాయి. తర్వాత వికీలో ఆ పేరుకు మూలం ఏదని అడిగితే, ఆ పత్రికలనే చూపించారు! మన దగ్గర ఇంకా తేలిగ్గా జరుగుతుంది. పుట్టినరోజు వార్త రాయాల్సిన విలేకరి ముందు తెరిచేది వికీపీడియానే. మీ డ్రాఫ్టులో మూలం లేని తేదీ ఒకటి ఉంటే రేపు అది పత్రికలో వస్తుంది, ఎల్లుండి మీకు మూలంగా తిరిగొస్తుంది. వార్త తేదీ మీ వ్యాసం కంటే ముందుదా తర్వాతదా అని తప్పకుండా చూడండి.

కొత్తసభ్యుడు
నమస్తే అండి. ఈ చర్చ మా నాన్నగారి గురించే అని అర్థమైంది. నేను ఆయన అబ్బాయిని. పుట్టిన తేదీ, చదువు, పిల్లల వివరాలు అన్నీ నేను ఇవ్వగలను. వ్యాసంలో నేనే సరిచేయవచ్చా? మంచి ఫోటోలు కూడా ఉన్నాయి, అప్‌లోడ్ చేస్తాను.

మూలమెక్కడ
నమస్తే. మీరు రావడం సంతోషం. మీరు నేరుగా వ్యాసం మార్చకపోతే మంచిది. వాడుకరి పేజీలో మీ సంబంధం రాసుకుని, ఏం మార్చాలో చర్చ పేజీలో అడగండి. తప్పులున్నా అక్కడే చెప్పండి, ముఖ్యంగా నాన్నగారికి ఇబ్బంది కలిగించేవి ఉంటే వెంటనే చెప్పండి. కుటుంబ వివరాలు మాత్రం ఇవ్వకండి. పత్రికల్లో విరివిగా రాని పుట్టినతేదీ, పిల్లల పేర్లు వ్యాసంలో పెట్టం. పుట్టిన సంవత్సరం చాలు, అది కూడా మూలం ఉంటే.

మీరు నిజంగా సాయం చేయగలిగింది వేరే ఉంది. ఇంట్లో ఉన్న క్లిప్పింగుల్లో ఆయన గురించి *ఇతర* పత్రికలు రాసినవి వెతకండి. మీ మాట మాకు మూలం కాదు, కానీ మూలం ఎక్కడుందో మీకు తెలిసినంతగా మాకు తెలియదు.

చీకటిగది
ఫోటోల గురించి నేను చెబుతాను. మీ నాన్నగారి బొమ్మ పెట్టాలంటే, ఆ బొమ్మ హక్కు మామూలుగా తీసినవారిది, అందులో ఉన్నవారిది కాదు. మీరే తీసినది ఉంటే వికీపీడియా బొమ్మలు ఉంచే కామన్స్‌లో మీ పేరుతో స్వేచ్ఛా లైసెన్సు కింద ఎక్కించండి, పని అయిపోతుంది. ఆయన తీసిన వార్తా ఫోటోలు మాత్రం తొందరపడి ఎక్కించకండి. ఉద్యోగంలో ఉండగా పత్రిక కోసం తీసినవాటిలో భారత చట్టం ప్రకారం పత్రికలో ప్రచురించే హక్కు యజమానిది, మిగతా హక్కులు మామూలుగా తీసినవారివి. అయితే ఆయన ఒప్పందంలో వేరే ఏదైనా రాసి ఉందేమో చూడాలి. హక్కు ఆయనదేనని తేలితే ఆయనే ఈమెయిల్‌తో అనుమతి పంపాలి. మీరు ఆయన తరఫున 'నా సొంత పని' అని ఎక్కిస్తే తొలగిస్తారు.

నెగటివ్‌లు ఎక్కడున్నాయి?

కొత్తసభ్యుడు
కొన్ని ఇంట్లోనే. చాలావరకు ఆఫీసులో ఉండిపోయాయి. కవర్ల మీద తేదీ, ఘటన నాన్నగారి చేతిరాతలో ఉన్నాయి.

చీకటిగది
ఆ కవర్లు పారేయకండి. నెగటివ్‌ని ఇంకో కవర్లోకి మార్చినా పాత కవరు దానితోనే ఉంచండి. రేపు కేటలాగు వేసేవాళ్లకు ఆ చేతిరాతే దారి.

నీలిసిరా
కొత్తసభ్యుడు గారు పంపిన వివరాలతో రెండు దొరికాయి. ఒకటి పోటీ పత్రికలో ఆయన ప్రదర్శన మీద వచ్చిన సమీక్ష. సంతకం ఉంది, సగం పేజీ, ఫోటోల మంచీ చెడూ రెండూ రాశారు. రెండోది ఒక ఇంగ్లీషు వారపత్రికలో ప్రాంతీయ పత్రికల ఫోటోగ్రాఫర్ల మీద వ్యాసం, అందులో ఆయన మీద మూడు పేరాలున్నాయి. వీటి మీద ఆధారపడి వ్యాసం మళ్లీ రాశాను. ఉద్యోగం ఒక పేరా, ప్రదర్శన, సమీక్ష ఒక పేరా, ఇంటర్వ్యూలో చెప్పిన సాక్సు కథ ఆయన మాటగా ఒక వాక్యం. నామినేషన్ లేదు, తగాదా లేదు. పాత వ్యాసంలో పావు వంతు కూడా లేదు.

ఒక్క సందేహం. సమీక్ష ఉన్న లైబ్రరీ సంపుటిలో బైండింగు వాళ్లు పేజీల పైఅంచు కోసేశారు. పేజీ నంబరు లేదు. శీర్షిక, తేదీ, ఎడిషన్ ఉన్నాయి.

పాతపేపర్లు
అవి చాలు. ముందూ వెనకా పేజీలకు నంబర్లు మిగిలి ఉంటే లెక్కపెట్టి రాయండి, లేకపోతే పేజీ గడి ఖాళీగా వదిలేయండి. ఊహించి మాత్రం నింపకండి. ఏ లైబ్రరీలో ఏ సంపుటి చూశారో చర్చ పేజీలో ఒక ముక్క రాసిపెట్టండి.

మూలమెక్కడ
చదివాను. రెండు స్వతంత్ర మూలాల్లో సమీక్ష బలంగా ఉంది, వారపత్రిక వ్యాసం పర్వాలేదు. మూలాల మూస తీసేస్తున్నాను. ప్రాముఖ్యత మూస ఇంకొన్నాళ్లు ఉంచుతాను, మూడోది దొరికితే తీసేద్దాం. తొలగింపుకు అయితే పెట్టను.

అచ్చుతప్పు
మూడోది నేను రాస్తున్నాను లెండి. ఆ వారపత్రిక వ్యాసం తేదీ ఎవరైనా ఇటు పడేయండి.